అటవీ హక్కుల చట్టంతో గిరిజనుల బతుకుతెరువు మారిందా? పోడు పట్టా నుంచి తునికాకు కల్లం దాకా

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మాది ఏజెన్సీ గ్రామం. 2006 చట్టం కింద కొందరికి పోడు (అడవి కొట్టి సాగు చేసుకున్న చేను) పట్టాలు వచ్చాయి, కొందరికి రాలేదు. వచ్చినవాళ్లు కూడా ఇప్పటికీ కూలికి పోతూనే ఉన్నారు. అసలు ఈ చట్టం వల్ల గిరిజనుల జీవనోపాధి బాగుపడిందా? రాని వాళ్లు ఏం చేయాలి?"

రెండు రాష్ట్రాల ఏజెన్సీ గ్రామాల్లో చాలా ఏళ్లుగా ఈ దరఖాస్తులు రాసిపెట్టడం, గ్రామసభల్లో కూర్చోవడం, తిరస్కరించిన ఫైళ్లకు అప్పీళ్లు తయారు చేయడం నా పని. నేను చూసినంతవరకు చెప్తాను.

మారింది. కానీ చట్టంలో రాసి ఉన్నదానిలో చిన్న భాగమే ఊళ్లకు చేరింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు దీన్ని భూపంపిణీ పథకంలా నడిపాయి. సభ పెట్టి, పట్టా చేతిలో పెట్టి, ఫొటో దిగితే పని అయిపోయిందనుకున్నారు. గిరిజనుడి ఇంట్లోకి డబ్బు పోడు చేను నుంచి ఎంత వస్తుందో, చాలా ఊళ్లలో అడవి నుంచి కూడా అంత వస్తుంది. ఆ రెండో సగాన్ని, అంటే అటవీ ఫలసాయం మీద, ఊరి అడవి మీద సామూహిక హక్కుల్ని, దాదాపు ఎవరూ ముట్టుకోలేదు. మీ ఊళ్లో పట్టా వచ్చినవాళ్లు కూడా కూలికి పోవడానికి ఒక పెద్ద కారణం అక్కడే ఉంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం, ఎక్కువ కాదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో మన్యంలో పోడు మీద ఆంక్షలు మొదలయ్యాయి. 1922–24 రంప తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో అదొకటి. నిజాం వైపు జోడేఘాట్‌లో కొమురం భీం 1940లో ప్రాణాలిచ్చింది కూడా ఇదే గొడవ మీద. ఒక అడవిని రిజర్వు చేసేముందు అక్కడి జనం అభ్యంతరాలు చెప్పుకోవాలని పాత చట్టాల్లోనూ ఉంది. కానీ కొండ మీది గూడేనికి ఆ నోటీసు ఎవరు చేర్చారు, చేర్చినా ఎవరు చదివి చెప్పారు? అట్లా తాతల నాటి చేను కాగితం మీద రిజర్వు ఫారెస్టు అయింది, సాగు చేసేవాడు ఆక్రమణదారుడయ్యాడు. 1980 అటవీ సంరక్షణ చట్టం వచ్చాక కేంద్రం అనుమతి లేకుండా ఆ భూమిని ఇంకో పనికి మార్చే దారి కూడా రాష్ట్రాలకు మూసుకుపోయింది.

2006 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన అటవీ హక్కుల గుర్తింపు చట్టం ఈ చిక్కును విప్పడానికి వచ్చింది. 2007 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది, నియమాలు 2008 జనవరి 1న వచ్చాయి, 2012లో వాటిని సవరించారు. ఇది కొత్తగా అడవి నరికి భూమి పంచే చట్టం కాదు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో, స్వాధీనంలో ఉన్న భూమినే గుర్తిస్తుంది. ఒక కుటుంబానికి గరిష్ఠంగా 4 హెక్టార్లు, అంటే సుమారు 10 ఎకరాలు. ఈ ఒక్క తేదీని పట్టించుకోకుండా వాదించేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. చట్టంతో అడవి అంతా పోయిందనేవాళ్లు ఒకవైపు, నిన్న కొట్టిన పోడుకూ పట్టా వస్తుందని ఆశపెట్టే నాయకులు ఇంకోవైపు.

ఇప్పుడు అసలు విషయం, పట్టా వస్తే ఇంట్లో ఏం మారుతుంది?

అన్నిటికంటే ముందు భయం తగ్గుతుంది. దీని విలువ రూపాయల్లో కట్టడం కష్టం కాబట్టి అధికారిక నివేదికల్లో కనిపించదు. పట్టాకు ముందు దుక్కి కాలం వస్తే ఏటా ఒకటే టెన్షన్. అటవీ శాఖ బీట్ ఆఫీసరు నాగలి పట్టుకుపోతాడా, ఎడ్లను తోలుకుపోతాడా, కేసు పెడతాడా, జేసీబీతో చేను చుట్టూ కందకం తవ్వుతారా అని. తెలంగాణలో సర్కారు హరితహారం కింద మొక్కలు నాటే సీజన్, పోడు రైతు విత్తనం వేసే సీజన్ ఒకటే అయ్యేవి. తొలకరి పడగానే ఇద్దరూ ఒకే చేను దగ్గర ఎదురుపడేవారు. అలాంటి చోట ఏ రైతైనా ఏటా తీసుకునే పంటే వేస్తాడు గానీ చెట్టు పెట్టడు. చెట్టు కాపుకొచ్చేసరికి చేను తనదవుతుందో కాదో తెలియదు మరి.

పాడేరు వైపు కాఫీ విస్తరణ వెనక ఈ లెక్క ఉంది. కాఫీ మొక్క నాటితే మొదటి కాపు చూడటానికి మూడు నాలుగేళ్లు ఆగాలి. దానికి నీడగా సిల్వర్ ఓక్ పెంచాలి, ఆ చెట్లకు మిరియాల తీగ పాకించాలి. జీడిమామిడికీ అంతే ఓపిక కావాలి. సీతంపేట, పార్వతీపురం వైపు కొండవాలు చేలల్లో జీడితోటలు చూడండి. ఇలాంటి పెట్టుబడి పెట్టే ధైర్యం కాగితం చేతిలో ఉన్నప్పుడు వేరుగా ఉంటుంది. ఐటీడీఏలు (సర్కారు గిరిజనాభివృద్ధి సంస్థలు), ఉపాధి హామీ పనులు, కాఫీ బోర్డు మొక్కలు కలిసొచ్చిన చోట ఎకరం రెండెకరాల పట్టా కూడా ఏటా నమ్మకంగా కొంత డబ్బు తెస్తోంది. పట్టా ఇచ్చి వదిలేసిన చోట అదే ఎకరం సామ, చోడి పండిస్తూ ఉంది. తిండికి అది మంచిదే, కానీ పిల్లల ఫీజుకు అక్కరకు రాదు.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు కథ ఇంకో రకం. అక్కడ పోడు చేలల్లోకి పత్తి వచ్చి కూర్చుంది. ఒకప్పుడు ఒకే చేనులో జొన్న, కంది, పెసర, అనుములు కలిపి వేసేవారు. ఒకటి పోయినా ఒకటి దక్కేది, దసరా నుంచి సంక్రాంతి దాటేదాకా ఏదో ఒకటి ఇంటికొచ్చేది. ఇప్పుడు విత్తనం, మందు, అప్పు అన్నీ ఒకే దుకాణంలో దొరుకుతాయి, పంట కూడా అదే దుకాణానికి పోతుంది. దీనికి చట్టాన్ని తప్పు పట్టలేం. కానీ పట్టా లేనివాడికి ఇది రెండింతల దెబ్బ. పంట నమోదు కాగితం లేకపోతే సర్కారు కొనుగోలు కేంద్రానికి పత్తి తన పేరుతో తీసుకెళ్లలేడు. పట్టా ఉన్న బంధువు పేరు మీదో, దళారి దగ్గరో అమ్ముకోవాలి. రెండింటిలోనూ ఎంతోకొంత వదులుకోవాల్సిందే.

పట్టాతో వచ్చే రెండో లాభం పథకాలు. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఆర్‌ఓఎఫ్‌ఆర్, అంటే ఈ అటవీ హక్కుల, పట్టాదారులను చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 రైతు భరోసాలో చేర్చారు. పీఎం కిసాన్‌కూ వీరు అర్హులే. వేరే భూమి లేని అటవీ హక్కు పట్టాదారుల కుటుంబాలకు ఉపాధి హామీలో అప్పటి 100 రోజులకు బదులు 150 రోజుల పని ఇవ్వాలని 2014లో కేంద్రం నిర్ణయించింది. ఈ 150 రోజుల సంగతి చాలా ఊళ్లలో తెలియను కూడా తెలియలేదు, అడిగిన చోట మాత్రం దొరికింది. తెలంగాణలో 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాల పైచిలుకు పట్టాలిచ్చారు. వాళ్లందరూ ఒక్కసారిగా ఈ పథకాల జాబితాలోకి వచ్చారు. ఒక కుటుంబానికి ఏటా చేతికొచ్చే ఆ కొన్ని వేలు విత్తనాల వేళకు షావుకారు గడప ఎక్కకుండా ఆపాయంటే చిన్న విషయం కాదు.

ఇక పట్టా కాగితాన్ని కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే సగం సమస్యలు దానిమీదే రాసి ఉంటాయి. పైన హక్కుదారు పేరు, భార్య లేదా భర్త పేరు, తండ్రి పేరు, ఆధారపడినవారి పేర్లు. తర్వాత ఊరు, గ్రామసభ, పంచాయతీ, మండలం, జిల్లా. తర్వాత విస్తీర్ణం, హద్దులు. కింద మూడు సంతకాలు, అటవీ శాఖ డివిజన్ అధికారిది, జిల్లా గిరిజన సంక్షేమ అధికారిది, కలెక్టరుది. ఈ హక్కు వారసులకు సంక్రమిస్తుంది గానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి వీల్లేదని అందులోనే ఉంటుంది. పెళ్లయినవారైతే ఇద్దరి పేరు మీదా ఉమ్మడిగా ఇవ్వాలని చట్టం చెప్తోంది. ఆ ఒక్క వాక్యం చాలామంది ఆడవాళ్లకు జీవితంలో మొదటిసారి భూమి కాగితం మీద పేరు తెచ్చిపెట్టింది. ఫొటోలో పక్కన నిలబెట్టి, పేరు రాయడం మరిచిన పట్టాలు కూడా ఉన్నాయి. ఒకసారి తీసి చూసుకోండి.

హద్దుల దగ్గర సర్వే నంబరు ఉండదు, అటవీ శాఖ అడవిని ముక్కలుగా విడగొట్టి వేసుకున్న కంపార్ట్‌మెంట్ నంబరు ఉంటుంది. తూర్పున వాగు, పడమర ఇప్పచెట్టు, ఉత్తరాన ఫలానా వారి చేను అని రాస్తారు. ఊళ్లో అందరికీ అర్థమవుతుంది, కానీ బ్యాంకు కంప్యూటరుకు అర్థం కాదు. ఆ నంబరు రెవెన్యూ రికార్డులో వెతికితే దొరకదు. మేనేజరు "మార్ట్‌గేజ్ కుదరదు" అంటాడు. నిజమే, అమ్మే హక్కు లేని భూమిని తనఖా పెట్టడం కుదరదు. అయితే పంట రుణానికి భూమి తనఖా ఎప్పుడూ తప్పనిసరి కాదు. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ రుణాలకు, కిసాన్ క్రెడిట్ కార్డుతో సహా, తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. పంటే హామీ. ఇది గట్టిగా చెప్పి, ఐటీడీఏ నుంచి ఒక లేఖ పట్టుకెళ్లిన చోట రుణాలు వచ్చాయి. ఒక్కొక్కరుగా వెళ్తే చెప్పులరిగేలా తిరగడమే మిగిలింది.

మీ ఊళ్లో పట్టాదారులు కూలికి పోవడానికి ఇంకో కారణం విస్తీర్ణం. సాగులో నాలుగెకరాలు ఉంటే పట్టాలో ఎకరంన్నర ఉండటం మామూలైపోయింది. ఎందుకంటే పోడులో చేనంతా ఒకే ఏడు దున్నరు. కొంత బీడు వదిలేస్తారు, రెండు మూడేళ్లకు మళ్లీ కొడతారు. సర్వేకు జీపీఎస్ పట్టుకొచ్చినవాళ్లు ఆ ఏడు దున్నిన ముక్క చుట్టూనే నడిచారు. పొదలు మొలిచిన బీడును అడవి కింద రాశారు. పాత ఉపగ్రహ చిత్రం తీసి "ఇక్కడ పచ్చగా ఉంది" అన్నారు. 2012 సవరణ నియమాల్లో స్పష్టంగా ఉంది, ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగా వాడుకోవచ్చు గానీ వాటికి బదులుగా వాడకూడదు. ఊరి పెద్దల వాంగ్మూలం రాతలో ఉంటే అదీ సాక్ష్యమే. పాత జరిమానా రసీదు, అటవీ కేసు కాగితం ఉన్నాయా, ఇంకా మంచిది. 1998లో మీ నాన్న మీద అదే చేనులో కేసు పెట్టారంటే 2005కు ముందే సాగు ఉందని అటవీ శాఖే రాసిచ్చినట్టు లెక్క. అలాంటి కాగితం చాలామంది ఇంట్లో పెట్టెల్లో ఉంటుంది. భయపడి దాచారు, బయటికి తీయండి.

నీళ్ల విషయం త్వరగా చెప్పేస్తాను. పట్టా చేనులో బోరు వేయాలంటే, కరెంటు స్తంభం నాటాలంటే అడవి మీదుగా వైరు రావాలి, అక్కడ ఆగిపోతుంది. ఊరి అవసరాలకు స్కూలు, రోడ్డు, కరెంటు లైను, చిన్న చెరువు, పైపులైను లాంటి 13 రకాల పనులకు ప్రభుత్వం అటవీ భూమి ఇవ్వొచ్చని ఈ చట్టంలోనే ఉంది. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. దీన్ని వాడుకున్న పంచాయతీలు తక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2025 మేలో నాగర్‌కర్నూలు జిల్లా మాచారంలో మొదలుపెట్టిన ఇందిర సౌర గిరి జల వికాసం పథకం సోలార్ పంపులతో ఈ కరెంటు చిక్కును తప్పించే ప్రయత్నం. ఆరు లక్షల ఎకరాలు లక్ష్యమన్నారు. వాలు చేలల్లో భూగర్భ జలం ఎక్కడ ఎంత ఉందో చూడకుండా బోర్లు వేస్తే మాత్రం మళ్లీ అదే తంతు అవుతుంది.

ఇక రాని వాళ్ల సంగతి.

2021 నవంబరులో తెలంగాణలో మళ్లీ దరఖాస్తులు పిలిస్తే 4 లక్షలకు పైగా వచ్చాయి, అడిగిన భూమి 12 లక్షల ఎకరాలు దాటింది. పట్టాలు వచ్చింది అందులో మూడో వంతుకు. మిగిలినవాళ్లంతా అనర్హులా? కాదు. అర్హులంతా దరఖాస్తు పెట్టారా అంటే అదీ కాదు. గిరిజనేతర పేదలకు నిబంధన చాలా కఠినం, మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవిలో ఉంటూ అడవి మీద ఆధారపడ్డామని చూపాలి. గూడెంలో తరతరాలుగా కలిసి బతుకుతున్న ఎస్సీ, బీసీ కుటుంబాలకు ఆ కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? వాళ్ల దరఖాస్తులు ఎక్కువగా ఇక్కడే పడిపోయాయి.

ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయ ఆదివాసీల సమస్య ఇంకా చిక్కు. అక్కడ 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గోదావరి జిల్లాల వైపు వచ్చినవాళ్లు చాలామంది. కటాఫ్ తేదీ తర్వాత వచ్చారు కాబట్టి ఇక్కడ ఈ చట్టం వాళ్లకు వర్తించదు. అక్కడ వదిలొచ్చిన భూమి మీద హక్కు అడగడానికి వెనక్కి పోలేరు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చంద్రుగొండ మండలంలో ప్లాంటేషన్ గొడవలో ఒక రేంజ్ ఆఫీసరు హత్యకు గురయ్యారు. ఆ కుటుంబానికి జరిగిన అన్యాయానికి ఏ వాదనా సమాధానం చెప్పదు. ఆ తర్వాత ఆ తెగ మొత్తాన్ని దోషులుగా చూసి వెళ్లగొట్టాలని చేసిన డిమాండ్లూ న్యాయం కాదు. ఈ చట్టం దగ్గర వీళ్లకు సమాధానం లేదు. దానికి వేరే పునరావాస నిర్ణయం కావాలి, రెండు రాష్ట్రాలూ కేంద్రమూ కలిసి తీసుకోవాలి. అది నా అభిప్రాయం.

తిరస్కరణకు గురైనవాళ్లలో భయం 2019లో బాగా పెరిగింది. దరఖాస్తు తిరస్కరించినవాళ్లను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు ఆ ఏడు ఫిబ్రవరి 13న ఆదేశించింది. దేశమంతా ఆందోళన రావడంతో ఫిబ్రవరి 28న తానే దాన్ని నిలిపేసింది. తిరస్కరణలు సరైన పద్ధతిలో జరిగాయో లేదో రాష్ట్రాలు మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది సెక్షన్ 4(5). హక్కుల పరిశీలన ప్రక్రియ పూర్తయ్యేదాకా సాగులో ఉన్నవారిని తొలగించకూడదు. దరఖాస్తు పెట్టి, దానిమీద రాతపూర్వకంగా నిర్ణయం రాకపోతే ఆ ప్రక్రియ పూర్తి కానట్టే. ఎవరైనా ఖాళీ చేయమంటే మొదట అడగాల్సింది "నా దరఖాస్తు తిరస్కరించిన కాగితం, కారణంతో సహా, ఏదీ?" అని. చాలాచోట్ల ఆ కాగితం ఇవ్వనే లేదు. అది అందిన రోజు నుంచి 60 రోజుల్లో పై కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. గ్రామసభ తీర్మానం మీద అయితే డివిజన్ స్థాయి కమిటీకి, ఆ కమిటీ నిర్ణయం మీద అయితే జిల్లా కమిటీకి. గ్రామసభ తీర్మానం అసంపూర్ణంగా ఉందనుకుంటే పైకమిటీ దాన్ని కొట్టేయకూడదు, గ్రామసభకే తిప్పి పంపాలని 2012 నియమాలు చెప్తున్నాయి.

ఇప్పటిదాకా చెప్పింది భూమి గురించి. నన్నడిగితే దీనికంటే ముఖ్యమైంది అడవి ఫలసాయం, దాని గురించే తక్కువ మాట్లాడతాం.

చింతపండు, అడ్డాకులు, ఇప్పపువ్వు, ఇప్పపలుకు, కుంకుళ్లు, కరక్కాయ, తేనె, తపసి జిగురు, నరమామిడి చెక్క, కొండచీపుర్లు. భూమి లేని ఇల్లు కూడా వీటి మీద బతుకుతుంది. చేనులో పని లేని మాఘం నుంచి జ్యేష్ఠం దాకా ఇంట్లోకి వచ్చే డబ్బు ఇదే, ఎక్కువ భాగం ఆడవాళ్ల చేతిలోకి వచ్చేదీ ఇదే. వీటిని సేకరించుకోవడం, వాడుకోవడం, అమ్ముకోవడం, వీటిపై యాజమాన్యం, అన్నీ గిరిజనుల హక్కులని 2006 చట్టం సెక్షన్ 3(1)(సి) అంటోంది. వెదురు, తునికాకు (బీడీ ఆకు) కూడా ఇందులోకే వస్తాయి.

మన దగ్గర అంతకుముందే ఇంకో ఏర్పాటు ఉంది. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ, జీసీసీ. 1979 రెగ్యులేషన్ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఈ ఉత్పత్తులు కొనే గుత్తాధికారం దానిది. అది తెచ్చింది మంచికే, సంతలో తూకం మోసాల నుంచి, అప్పు ఇచ్చి కాపు మొత్తం రాయించుకునే షావుకారు నుంచి కాపాడటానికి. ధర పడిపోయిన ఏడు ఇప్పటికీ జీసీసీ డిపోనే దిక్కు. 2020లో కేంద్రం గింజతో ఉన్న చింతపండుకు కిలో 36 రూపాయల మద్దతు ధర పెట్టింది. బయట ధర అంతకంటే తక్కువున్నప్పుడు ఆ 36 ప్రాణం నిలుపుతుంది. బయట ధర పైనున్న ఏడు మాత్రం గిరిజనుడు తన సరుకును ఎవరికి కావాలంటే వారికి అమ్ముకునే హక్కు ఎక్కడుందని అడగాల్సి వస్తుంది. కొత్త చట్టం ఉందంటుంది, పాత రెగ్యులేషన్ లేదంటుంది. చెక్‌పోస్టు దగ్గర ఉన్న సిబ్బందికి పాతదే బాగా తెలుసు. ఊరి సరుకు బయటికి పోవడానికి రవాణా పర్మిట్ గ్రామసభ కమిటీయే ఇవ్వొచ్చని 2012 నియమాల్లో ఉంది. మన రెండు రాష్ట్రాల్లో అలా పర్మిట్ బుక్కు చేతిలో ఉన్న గ్రామసభను వెతుక్కోవాల్సిందే.

తునికాకు దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఏప్రిల్, మేలో తెల్లవారకముందే ఇల్లంతా అడవికి పోతుంది. ఎండ ముదిరేలోగా ఆకు తెచ్చుకుని, వాకిట్లో కూర్చుని 50 ఆకులు లెక్కపెట్టి కట్ట కడతారు. సాయంత్రం కల్లం, అంటే ఆకు కొనే చోటు, దగ్గర కట్టలు వరసగా పేరుస్తారు. ఆ కల్లం నడిపే కల్లేదారు ముందు ఆకు తిప్పి చూస్తాడు. చిల్లు పడ్డవి, ముదిరినవి ఉంటే కట్ట పక్కన పెట్టేస్తాడు. తర్వాత లెక్కలో వందకు కొన్ని కట్టలు అదనంగా పెట్టమంటాడు, కార్డు మీద మాత్రం వందే రాస్తాడు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. ఆకు సేకరించే ఆ ప్రాంతాన్ని (యూనిట్‌ను) వేలంలో పాడుకున్నది కాంట్రాక్టరు, వేలం వేసింది అటవీ శాఖ. కట్టకు ఇంత అని వచ్చేది కూలి కింద లెక్క. వేలంలో వచ్చిన నికర ఆదాయం బోనస్‌గా ఇస్తామంటారు, అది ఏళ్లు ఆలస్యమవడం అందరికీ తెలిసిందే. చట్టం ప్రకారం ఆ ఆకు సొంతదారు గ్రామసభ. కల్లంలో ఆ సొంతదారు కూలివాడిగా నిలబడి ఉన్నాడు.

పక్కనే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెంధా లేఖా అనే గోండు గ్రామం ఉంది. మన ఆసిఫాబాద్‌కు మరీ దూరం కాదు. 2009లో ఆ ఊరికి సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర అటవీ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా వచ్చి వెదురు రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికిచ్చారు. తర్వాత వాళ్లే వేలం పెట్టి వెదురు అమ్మారు, ఎంత నరకాలో, ఎక్కడ ఆపాలో వాళ్లే తేల్చుకున్నారు. గడ్చిరోలిలో ఇంకా అనేక గ్రామసభలు తునికాకును కూడా ఇదే పద్ధతిలో అమ్ముతున్నాయి. అన్ని ఊళ్లలో సాఫీగా సాగిందని అనను. డబ్బు చూసి గొడవలొచ్చిన ఊళ్లు, కాంట్రాక్టరు ఎగ్గొట్టిన ఊళ్లు ఉన్నాయి. అయినా బేరం ఆడేది ఊరు, అది పెద్ద తేడా.

మన దగ్గర ఎందుకు రాలేదంటే, ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్చిన సామూహిక పట్టాల్లో చాలావరకు వన సంరక్షణ సమితుల (వీఎస్‌ఎస్) పేరు మీద రాశారు. వీఎస్‌ఎస్ అటవీ శాఖ పెట్టిన కమిటీ, దాని ఖాతా దగ్గర ఆ శాఖ సంతకం ఉంటుంది. చట్టం ప్రకారం హక్కుదారు గ్రామసభ. అంటే కాగితం లెక్కల్లో లక్షల ఎకరాల సామూహిక హక్కు ఇచ్చినట్టు కనిపించింది, తాళంచెవి పాత చోటే ఉండిపోయింది. రెండు రాష్ట్రాలు వేరుపడ్డాక కూడా దీన్ని సరిదిద్దడానికి పెద్దగా ఎవరూ పూనుకోలేదు. ఓటుకు పనికొచ్చేది ఇంటింటికీ ఇచ్చే పట్టా, ఊరందరికీ కలిపి ఇచ్చే పట్టాతో ఫొటో అంత బాగా రాదు.

నల్లమల చెంచులకైతే భూమి పట్టా సమస్యకు అసలు సమాధానమే కాదు. సేకరణ మీద బతికే పెంటకు (చెంచుల గూడేనికి) రెండెకరాల పట్టా ఇచ్చి ఏం చేసుకోమంటాం? వాళ్లలాంటి ఆదిమ తెగలకు తమ సంచార ప్రాంతం మొత్తం మీద ఆవాస హక్కు ఉంటుందని సెక్షన్ 3(1)(ఇ) చెప్తుంది. వాళ్లకు దక్కాల్సింది అది. అమ్రాబాద్, కవ్వాల్ లాంటి పులుల అభయారణ్యాల్లో ఈ చట్టం వర్తించదని ఎవరైనా చెప్తే నమ్మకండి, అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా ఇందులో అటవీ భూమే. ముందు హక్కులు తేల్చాలి, తర్వాత గ్రామసభ ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటేనే తరలింపు. కవ్వాల్‌లో నిర్మల్ జిల్లా కడెం మండలం నుంచి మైసంపేట, రాంపూర్ గ్రామాలు తరలివెళ్లాయి. కుటుంబానికి 15 లక్షల రూపాయలు లేదా భూమి, ఇల్లు అన్నారు. డబ్బు తీసుకోవాలా, భూమి తీసుకోవాలా అని మీ ఊళ్లో చర్చ వస్తే భూమి వైపే ఉండండి. 15 లక్షలు ఏ పట్నంలోనైనా కరిగిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు, అడవిలో ఉచితంగా దొరికిన కట్టెలు, కూర, నీళ్లు అన్నీ అక్కడ కొనుక్కోవాలి. 2025 మే చివర్లో ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు 1,490 చదరపు కిలోమీటర్లను కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49వ నంబరు జీవో వచ్చింది. ఆదివాసీలు బంద్‌లు చేశాక జులైలో దాన్ని నిలిపేశారు. హక్కుల కాగితాలు ముందే పూర్తయి ఉంటే అంత భయం ఉండేది కాదు.

ఒక మాట మధ్యలో. 1/70 చట్టాన్ని (1970 నాటి భూబదిలీ నిబంధన), అటవీ హక్కుల చట్టాన్ని కలిపేసి మాట్లాడటం చాలామందికి అలవాటు. 1/70 షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపేది. అటవీ హక్కుల పట్టా భూమినైతే ఇంకో గిరిజనుడికి కూడా అమ్మకూడదు. తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకాలు, ఎకరాకు ఇంత అని ఏళ్లకేళ్లు కౌలుకు ఇచ్చేసి తన చేనులోనే కూలికి పోవడం నేను చూస్తూనే ఉన్నాను. మీరు అడిగిన "పట్టా వచ్చినా కూలే" అన్నదానికి కొన్ని ఇళ్లలో ఇదే జవాబు. అప్పు తీర్చడానికి కౌలు, కౌలు పోయాక మళ్లీ అప్పు.

మీ ఊరికి ఏం చేయొచ్చో చెప్పమన్నారు కాబట్టి, నేనైతే ఈ వరసలో వెళ్తాను. మొదట గ్రామసభ గూడెం స్థాయిలో జరగాలి, పంచాయతీ ఆఫీసులో కాదు. సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది, అందులో గిరిజనులు మూడింట రెండు వంతులు ఉన్నారో చూడండి. కమిటీ ఉందని కాగితం మీద ఉండి, సభ్యులకే తెలియని ఊళ్లు బోలెడు. విడి పట్టాలకు ఫారం ఎ. తక్కువ విస్తీర్ణం వచ్చినవాళ్లు మొదటి దరఖాస్తు నకలు, సర్వే స్కెచ్ సమాచార హక్కు కింద తీసుకుని, రెండూ పక్కన పెట్టి తేడా చూపిస్తూ అర్జీ పెట్టాలి. పట్టాదారు చనిపోయిన ఇళ్లలో వారసుల పేరు మార్పిడి ఆలస్యం చేయకండి, చనిపోయినవారి పేరు మీద పథకం డబ్బు ఆగిపోతుంది.

దానితోపాటే, ఈ వేసవికి ముందే, ఫారం సి నింపండి. అది ఊరి సామూహిక అటవీ వనరు మీద హక్కు కోసం. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని హద్దుల మీద నడవండి. ఏ వాగు దాకా పశువులు మేపుతారు, ఏ గుట్ట మీద తేనె పడతారు, ఏ చెట్టు కింద జాతర చేస్తారు, ఎవరు ఎక్కడ అడ్డాకు కోస్తారు, అన్నీ చేతితో గీసిన పటం మీద గుర్తుపెట్టండి. పక్క ఊరితో హద్దు గొడవ ఉంటే ముందే కూర్చుని రాతపూర్వకంగా తేల్చుకోండి, లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. పట్టా వస్తే గ్రామసభ పేరు మీదే రావాలి, వీఎస్‌ఎస్ పేరు మీద రాస్తామంటే తీర్మానం చేసి తిప్పి పంపండి. ఫారం ఇచ్చిన ప్రతిసారీ తేదీతో, స్టాంపుతో రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వమంటే కార్యదర్శి మొహం చిట్లిస్తే స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదును పట్టాలతో కలిపి ఒకే సంచిలో పెట్టండి.